పోయే నీటికి పూచీ మనది

మహానంది ఆయకట్టు రైతన్నలారా, కోనేట్లో మునిగి మొక్కు తీర్చుకునే భక్తులారా, గుడి చుట్టూ అంగళ్లు పెట్టుకుని బతుకుతున్న అక్కలారా, అన్నలారా!

మన కోనేరు గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఐదడుగుల నీళ్లు. రూపాయి బిళ్ల వేస్తే అడుగున బొమ్మా బొరుసూ తెలిసేంత తేట. చలికాలం తెల్లారుజామున దిగితే గోరువెచ్చగా, ఎండాకాలం దిగితే చల్లగా ఒంటికి తగులుతుంది. శివుడి లింగం కిందినుంచి ఊరి రుద్రగుండంలో నిండిన ఆ నీళ్లకు ‘ఇంకొంచెం పెరుగుదాం’ అన్న ఆశ లేదు, ‘ఇవాళ తగ్గుదాం’ అన్న బద్ధకమూ లేదు. సీమలో పక్క జిల్లా రైతు వెయ్యడుగుల బోరు వేసి దుమ్ము చూసి ఇంటికి పోతున్నప్పుడు కూడా ఇక్కడ మట్టం నిలిచే ఉంది.

ఎట్లా నిలిచింది? దేవుడి దయ అంటాం. అవును, దేవుడి దయే. ఊటను మనం పుట్టించలేదు. కానీ ఊరిన నీళ్లు ఊరినంతా బయటికి పోవడానికి ఆ కోనేరు కట్టినవాళ్లు దారి పెట్టారు. ఎంత వస్తే అంత పోవాలి, నడుమ ఐదడుగులు నిలవాలి. వాళ్ల లెక్క అంతే. ఆ లెక్కలో సగం నల్లమల కొండది, సగం కాలువది. కాలువను చూసుకోవాల్సినవాళ్లం మనం.

బయటికి పోయిన నీళ్లు ఏమవుతున్నాయో చూడండి. గుడి దాటిన ఆ ప్రవాహమే సుమారు 2,000 ఎకరాలకు ప్రాణమని పెద్దలు చెబుతూ వచ్చారు. నంద్యాల నుంచి వచ్చేవాళ్లు మహానంది దగ్గర పడుతూనే గాలి మారిందని అంటారే, ఆ గాలి మన అరటి తోటలది. దేవుడి తానం నీళ్లే పంట నీళ్లు. ఒంటికి రాసుకున్న సబ్బు నురగ తీసుకెళ్లి అరటి మొదట్లో పోస్తున్నామన్న సంగతి కోనేట్లో మునిగేవాడికి గుర్తుండాలి. మన పొలాలు దాటిన నీళ్లు కుందూలో పడి, కడప జిల్లాలో పెన్న చేరతాయి. మనకు ముఖం తెలియని రైతులు కూడా మన కాలువ కింద ఉన్నట్టే.

నీళ్లు బయటికి పోయేచోట ఒక్కసారి వంగి చూడండి. షాంపూ పొట్లాలు, ప్లాస్టిక్ సంచులు, ఎవరో దోషం పోవాలని వదిలేసిన తడి పంచె. ఆ పంచెకు ఆకులు అంటుకుంటాయి, ఆకులకు బురద పట్టుకుంటుంది. ఆ రోజు ఎవరికీ ఏమీ అనిపించదు. పైన కోనేరు నిండుగానే కనిపిస్తుంది. కాలువ చివరన ఉన్న చిన్న రైతుకు మాత్రం తన వంతు రోజున మడవ తెరిస్తే మట్టి తడవడం లేదు. ఎవరిని అడగాలో కూడా అతనికి తెలియదు. పది మందిలో ఒకడుగా వదిలిన ఆ గుడ్డను, పది మందిమీ కలిసి తీయకపోతే అది అక్కడే ఉంటుంది.

వాన ఎక్కువైతే ఏమవుతుందో 2019 సెప్టెంబరులో కళ్లారా చూశాం. కుండపోత వానకు ఆలయ ప్రాంగణంలోకే వరద వచ్చింది. కోనేళ్లు ఏవో, నేల ఏదో తెలియకుండా అయింది. ఎండాకాలంలో ఒక చుక్క వృథా పోకూడదని కాపాడుకునే ఈ దారులే ముసురు పట్టిన రోజున వరదను మోయాలి. కాలువ గట్టు మీద ఒక అంగడి ముందుకు జరిగితే, ఒక పొలం గనిమ రెండడుగులు కాలువలోకి వస్తే, ఆ రెండడుగుల నీళ్లూ ఎవరి ఇంట్లోకి పోవాలి?

ఇంతకన్నా చేదు సంగతి మన పొరుగునే ఉంది. 2021 నవంబరు 19న తెల్లవారుజామున రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పైన పింఛా ప్రాజెక్టు నుంచి వరద విరుచుకుపడింది. కింద అన్నమయ్య ప్రాజెక్టుకున్న ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదు. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట ఊళ్ల మీద ఏరు పారింది. శివాలయంలో కార్తీక దీపం పెట్టుకోవాల్సిన రోజుల్లో జనం శవాలను వెతుక్కున్నారు. ఒక గేటు పనిచేయకపోవడం అన్నది వాన లేని రోజున చిన్న ఫిర్యాదు, ఒక కాగితం. దాన్ని వాన లేని రోజునే అడగాలి. గట్టిగా, గుంపుగా అడగాలి.

నీళ్ల లెక్క చూసుకోవడం మనకు కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు రోజుకు వెయ్యి మంది కూలీలతో, వంద బండ్లతో, రెండేళ్లు కష్టపడి ఆ చెరువు కట్టించాడు. కట్టించి ఊరుకోలేదు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, రాకూడని ఆరు దోషాలు రాతి మీద చెక్కించాడు. నీళ్లు కొంచెమై పొలం ఎక్కువ కావడం దోషమే, నీళ్లు ఎక్కువై పొలం కొంచెం కావడమూ దోషమే అని అందులో ఉంది. ఆరున్నర వందల ఏళ్ల కింద మన నేల మీద మట్టమూ మడీ కలిపి ఆలోచించారు. ఊరూరా నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎంత ఎత్తాలో, ముందు ఎవరి మడికో అతను చూసేవాడు. ఊరు అతనికి గింజలు కొలిచేది. అతని మాట రెడ్డి పొలానికీ ఒకటే, బీదవాడి పొలానికీ ఒకటే కావాలని ఊరు కోరుకునేది. ఎప్పుడూ అట్లా జరిగిందని నేను చెప్పను. కానీ అడగడానికి ఒక మనిషి ఉండేవాడు.

స్పెయిన్ దేశంలో వాలెన్సియా అనే ఊరుంది. అక్కడ ప్రతి గురువారం మధ్యాహ్నం పెద్ద చర్చి వాకిట్లో రైతులు ఎన్నుకున్న పెద్దలు కూర్చుని కాలువ నీళ్ల తగాదాలు తీరుస్తారు. వకీలు ఉండడు, అందరి ముందూ నోటి మాటే. వందల ఏళ్ల ఆ ఆచారాన్ని యునెస్కో 2009లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మనకూ గుడి వాకిలి ఉంది. సోమవారం ఉంది. 1997లో వచ్చిన చట్టంతో రాష్ట్రమంతటా నీటి వినియోగదారుల సంఘాలు పుట్టాయి. వాకిట్లో కూర్చోవడానికి మనకు అడ్డమేముంది?

భక్తులారా, దూరాభారం అనకుండా వస్తారు, మీకు కోపం రాకుండా చెబుతున్నాను. సబ్బు బయటి కుళాయి దగ్గర వాడండి. గుడ్డ మీ సంచిలో పెట్టుకుని పొండి. పక్కనున్న అవ్వ తెలియక పొట్లం పారేస్తే, ‘అవ్వా, ఇట్లా ఇయ్యి’ అని చేతిలోకి తీసుకోండి. అంగళ్లవాళ్లూ, కాలువ గట్టును దాని కొలతకు వదిలేయండి. ఆలయ సిబ్బందీ, మట్టం ఎంతుందో రోజూ ఒక పలక మీద రాసి వాకిట్లో పెట్టండి, ఎంత వదిలారో కూడా రాయండి. లెక్క కళ్లెదుట ఉన్నచోట గుసగుసలు ఉండవు.

కొండ మాట మరిచిపోకండి. నల్లమల మీద పడిన వాన చెట్ల వేళ్లు పట్టుకుని, రాతి చీలికల్లోకి దిగి, మెల్లగా నడిచి వస్తేనే ఇక్కడ ఊట. ఎండాకాలం అడవిలో వేసిన బీడీ ముక్క, వంట చేసుకుని ఆర్పకుండా వదిలిన పొయ్యి మన కోనేటి మొదలునే కాలుస్తాయి. ఊట పక్కన లోతైన బోరు వేద్దామని ఎవరికైనా ఆశ పుడితే, పక్క రైతులే పోయి, కాళ్లు పట్టుకునైనా ఆపాలి.

తొలకరి పడకముందే కాలువ పూడిక తీద్దాం. కోనేటి నుంచి చివరి మడి దాకా, ఒక ఇంటికి ఒక మనిషి, ఒక పార, ఒక గంప. జమ్మూ తుంగా వేళ్లతో లాగేద్దాం. ఆక్రమించిన గనిమలను ఎవరికి వారే వెనక్కి జరుపుకుందాం. పని చివరి ఆయకట్టు దగ్గర మొదలుపెట్టి, గుడి వైపుకు పైకి వద్దాం. ఇన్నేళ్లూ చివరన నిలబడి ఎదురుచూసిన రైతు మొదటి పార వేయాలి. పెద్ద తోటలున్నవాళ్లు ఆ రోజు మధ్యాహ్నం సంగటి, పప్పు తెప్పించండి. సోమవారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందే రండి.