వెలుగులోకి తెచ్చేముందు

మెక్సికోలో అమెరికా సరిహద్దును ఆనుకున్న నగరం తిహువానా. 2001 ఫిబ్రవరిలో అక్కడి సాంస్కృతిక కేంద్రపు గోళాకార గోడ మీద కార్మిక స్త్రీల ముఖాలు భవనమంత పెద్దవిగా వెలిగాయి. పోలండ్‌లో పుట్టిన కళాకారుడు క్షిష్తోఫ్ వోడిచ్కో వాళ్లకోసం కెమెరా, మైకు బిగించిన తలతొడుగు తయారుచేశాడు. ఎగుమతి ఫ్యాక్టరీల్లో ఎవరికీ పట్టని ఆ స్త్రీలు దాన్ని ధరించి జనం మధ్య నిలబడి ఇంట్లోని లైంగిక హింస గురించీ, పోలీసుల దౌర్జన్యం గురించీ, పనిచోట దోపిడీ గురించీ తమ నోటితో చెప్పారు.

దీన్ని మెచ్చుకుంటూనే నాకో సంకోచం. మన సభల్లోనూ బాధితురాలిని వేదికెక్కిస్తున్నాం. చప్పట్లు మనకి, మర్నాడు అదే బస్తీకి, అదే ఇంటికి వెళ్లాల్సింది ఆమె. అత్యాచార బాధితురాలి పేరు ఆమె రాతపూర్వక అనుమతి లేకుండా అచ్చువేయడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం నేరమే. కానీ సభకు పది నిమిషాల ముందు కాగితం చేతికిచ్చి సంతకం పెట్టించుకుంటే అది అనుమతి అవుతుందా? తిహువానా స్త్రీలు స్థానిక స్త్రీ సంఘాల తోడుతో చాలాకాలం సిద్ధమయ్యాకే జనం ముందుకొచ్చారు.

మన తర్వాతి సభలో మాట్లాడబోయేవాళ్లతో నెల ముందే కూర్చుందాం. ముఖానికి కొంగు కప్పుకుని మాట్లాడతానంటే అలాగే మాట్లాడనిద్దాం. ఫొటోకోసం మాత్రం కొంగు తియ్యమనకండి.