పన్నెండు బీములు, ఒక మేస్త్రి

మొన్న సంక్రాంతికి నర్సీపట్నం వెళ్తే ఇంట్లో పెద్ద చర్చ, డాబా మీద ఇంకో అంతస్తు వేద్దామని. నేను సివిల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి కదా, మా బావ వెంటనే పట్టుకున్నాడు. "నీ కంప్యూటర్లో లెక్క కట్టి ఇనుము తగ్గించు బావా, ధరలు మండిపోతున్నాయి" అని.

సరేనని రెండు రాత్రులు కూర్చుని ప్రోగ్రాం రాశాను. అన్ని గదుల్లో నిండా జనం, సామాను ఉన్నట్టు అనుకుని, అతి తక్కువ ఇనుము పట్టే బీములు ఇచ్చింది. చూసి నాకే ముచ్చటేసింది.

నిండా బరువున్నప్పుడే బీముకి ఎక్కువ కష్టమనుకుంటాం. కాదండీ. వరసగా మూడు సమానమైన గదుల మీదుగా సాగే బీము ఉందనుకోండి. మధ్య గది ఖాళీ చేసి, అటూ ఇటూ గదుల్లోనే సామానుంచితే, ఆ చివరి గదుల్లో సామాను వల్ల బీముని వంచే బలం పాతిక శాతం దాకా పెరుగుతుంది! మధ్య గది బరువు ఇన్నాళ్ళూ పక్కవాళ్ళకి సాయం పట్టిందన్నమాట. అదే పక్కపక్క గదులు రెండు నిండి మూడోది ఖాళీ అయితే, వాటి మధ్యనున్న పిల్లర్ దగ్గర కష్టం ఎక్కువ. అక్కడ ఇనుము కావలసింది బీము పైభాగంలో.

గాలి సంగతి ఇంకా తమాషా. ఐఎస్ 456 ప్రకారం మామూలుగా సొంత బరువుని ఒకటిన్నర రెట్లు చేసి లెక్క కడతాం. గాలి పైకి లేపేచోట మాత్రం 0.9 వంతే తీసుకోమంటారు. అక్కడ బరువు శత్రువు కాదు, చుట్టం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి మా పెరట్లో రేకుల షెడ్డు ఎలా లేచిందో చూసినవాణ్ణి, ఈ ముక్క నాకెవరూ చెప్పక్కర్లేదు.

కాబట్టి ఒక్కో లోడుకి ఒక్కో మంచి డిజైను తీసి సగటు కట్టడం శుద్ధ దండగ. బీములో ప్రతిచోటా అన్ని కేసుల్లోకీ ఏది దారుణమో అది తీసుకుని, దానికి తట్టుకునేవాటిలో చవకైనది వెతకాలి. అలా చేసేసరికి మొదట మిగిలిందనుకున్న ఇనుములో సగం పైగా వెనక్కి పోయింది. (ఆఫీసులో డెమోకి మాత్రమే పనిచేసే కోడు గుర్తొచ్చింది లెండి.)

తీరా కాగితాలు చూసి మేస్త్రి, "పన్నెండు బీములకి పన్నెండు కొలతలా బాబూ? సెంట్రింగు ఎవరు కొడతారండి? రాడ్లు తారుమారైతేనో?" అన్నాడు. నిజమే కదా! ఆ ఖర్చుకి నా ప్రోగ్రాంలో ఒక్క లైను కూడా లేదు. మూడు రకాలకి కుదించాను. ఇనుము కాస్త పెరిగింది, అయినా అసలు చవక అదే అని నా అభిప్రాయం.

అలాగని మేస్త్రి చెప్పిందల్లా ఒప్పుకోలేదు. అన్నిచోట్లా కింద నాలుగు రాడ్లు, పైన రెండు అనే ఆయన లెక్క బాల్కనీకి పనికిరాదు. గాల్లో వేలాడే బీముకి పైనే లాగుడు. దీనిమీద అరగంట వాదించుకున్నాం. చివరికి స్కేలు ఒక కొస పట్టుకుని రెండో కొస నొక్కి చూపిస్తే తల ఊపాడు.

పాత పిల్లర్లు, పునాది ఈ అంతస్తు మోస్తాయో లేదో స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి చూడాలి. ఆయన కాదంటే నా లెక్కలన్నీ చిత్తుకాగితాలే.

అంతా అయ్యాక నాన్న తాపీగా, "పైన వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టిద్దామనుకుంటున్నానురా, చివరి గది మీద" అన్నారు. అంటే ఒక టన్ను నీళ్ళు. మళ్ళీ లాప్‌టాప్ తెరిచాను.