టిట్టిభసెట్టి చూసిన ఊరు

హైదరాబాదు నుంచి వరంగల్‌కు ఒక్కరోజు ట్రిప్పు వేసే బస్సుల కార్యక్రమం దాదాపు ఒకేలా ఉంటుంది. తెల్లారకముందే బయల్దేరతారు. దారిలో యాదగిరిగుట్ట దర్శనమో, పెంబర్తి ఇత్తడి దుకాణాలో ఉంటాయి. పదకొండింటికి వేయిస్తంభాల గుడి, తర్వాత భద్రకాళి, భోజనం, రెండున్నరకు ఖిలా వరంగల్. అక్కడి నుంచి డెబ్బై కిలోమీటర్లు పోయి పొద్దు వాలేవేళకు రామప్ప. ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఈ లెక్కలో కాకతీయుల రాజధానికి మిగిలేది ముప్పావు గంట. అందులో సగం తోరణం కింద ఫొటోలకు పోతుంది.

రామప్ప 2021లో యునెస్కో జాబితాకెక్కాక ఈ తొందర ఇంకా పెరిగింది. రామప్పను చూడొద్దని ఎవరంటారు? ఆ గుడికి ఒక పూర్తి రోజు ఇచ్చినా తక్కువే. కానీ దానికోసం ఓరుగల్లును ముప్పావు గంటకు కుదించడం నాకు బాధ కలిగిస్తుంది. గుడి ఒక కట్టడం. ఓరుగల్లు ఒక మహానగరం. అక్కడికి వెళ్లినవాళ్లకు ఊరు కనబడాలి. వీధులు ఎటు పోయేవి, సంత ఎక్కడ జరిగేది, నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చేవి, శత్రువు వస్తే తలుపులు ఎలా మూసేవాళ్లు అన్నది తెలియాలి. ఇవేవీ తెలియకుండా వెనక్కి వచ్చేవాళ్లు నాలుగు రాతి ద్వారాలు చూసి వస్తున్నారంతే.

చిత్రమేమిటంటే, ఓరుగల్లును ఎలా చూపించాలో మన భాషలో ఆరు వందల ఏళ్ల క్రితమే ఒకరు రాసి పెట్టారు. వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న క్రీడాభిరామం అదే. మంచనశర్మ అనే బ్రాహ్మణుడు, అతని స్నేహితుడు టిట్టిభసెట్టి పొద్దున బయల్దేరి రాత్రి దాకా ఓరుగల్లు వీధులు తిరుగుతారు. కథంతా అంతే. రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ప్రేమాభిరామం దీనికి మూలమంటారు, ఆ మూలం ఇప్పుడు దొరకదు. ఇది శ్రీనాథుడి రచనేనని వాదించినవాళ్లూ ఉన్నారు. ఆ వాదం పండితులకు వదిలేద్దాం. 20వ శతాబ్దం తొలినాళ్లలో మానవల్లి రామకృష్ణకవి దీన్ని అచ్చువేయకపోతే ఆ ఊరు మనకు దక్కేదే కాదు.

ఆ ఇద్దరు మిత్రులు ఏం చూస్తారో గమనించండి. పూటకూళ్లింట్లో ఒక రూకకు దొరికే భోజనం సంగతి మాట్లాడుకుంటారు. గోధుమపిండి వంట, పెసరపప్పు, అప్పుడే కాచిన ఆవునెయ్యి, అరటిపళ్లు, గడ్డపెరుగు, నంజుకోవడానికి నాలుగైదు రకాలు. పల్నాటి వీరుల కథను ద్విపదలో పాడుతున్న ఆడమనిషి దగ్గర ఆగుతారు. మైలారుదేవుడి భక్తులైన గొరగల సాహసాలు చూసి నోరు వెళ్లబెడతారు. కోడిపందేలు, పొట్టేళ్ల పోట్లాటలు చూస్తారు. కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి కాలపు ప్రసిద్ధ వేశ్య మాచల్దేవి ఇంటి చిత్రశాల దాకా వెళతారు. ఏకవీర, కాకతమ్మ, స్వయంభూదేవుడు దారిలోనే వస్తారు. దేవుళ్లూ తిండీ పందేలూ పాటలూ అన్నీ ఒకే నడకలో కలిసి ఉంటాయి. శృంగారం పాలు ఎక్కువే, పిల్లలకు చెప్పేటప్పుడు ఏరి చెప్పాలి. అంతమాత్రాన ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టేయడం తప్పు. ఒక రాజధాని వీధుల్లో ఇంతసేపు మనల్ని తిప్పే తెలుగు పుస్తకం నాకు తెలిసి ఇంకొకటి లేదు.

మొన్న శీతాకాలంలో ఒక బృందంతో కోటకు వెళ్లాను. నలభై మందికి పైగా ఉన్నాం, గైడు ఒక్కడు. కుర్రవాడు చురుకైనవాడే, గొంతు కూడా ఉంది. కానీ వెనక వరసలో ఉన్నవాళ్లకు మాట సగమే వినిపించింది. తోరణం దగ్గర ఒక పెద్దావిడ అతన్ని ఆపి, "ఇవన్నీ సరే బిడ్డా, మరి జనం ఏడ ఉండేటోళ్లు?" అని అడిగింది. ఆ రోజు వినిపించిన ప్రశ్నల్లో అంత మంచి ప్రశ్న ఇంకొకటి లేదు. "బస్సుకు టైమైతున్నది పెద్దమ్మా" అని అతను ముందుకు నడిచాడు. తప్పు అతనిది కాదు. అతని చేతికిచ్చిన కాగితంలో ఆ ప్రశ్నకు చోటు లేదు.

ఆ ప్రశ్నకు జవాబు కోట నడుమ దొరకదు, బయటి నుంచి లోపలికి వస్తే దొరుకుతుంది. ఓరుగల్లు వృత్తంలో వృత్తంగా కట్టిన నగరం. అన్నిటికంటే బయటి మట్టి ప్రాకారం పన్నెండు కిలోమీటర్లకు పైగా వ్యాసంతో ఊళ్లనూ పొలాలనూ చుట్టుకుని ఉండేది. దాని లోపల దాదాపు రెండున్నర కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట, దాని అగడ్త. ఇంకా లోపల 1.2 కిలోమీటర్ల వ్యాసంతో రాతికోట, 45 బురుజులు, మళ్లీ ఒక అగడ్త. కాకతీయ గణపతిదేవుడు కట్టించిన గోడను కూతురు రుద్రమదేవి ఎత్తు పెంచిందని చెబుతారు. బస్సు ఈ గోడలన్నీ దాటుకుని సరాసరి నడిమధ్యలో దించుతుంది. మట్టికోట వచ్చినప్పుడు కిటికీలోంచి చూసినవాళ్లకు ఏదో దిబ్బలా కనిపిస్తుంది, పొదలు మొలిచి ఉంటాయి. ఆ దిబ్బ గురించే ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో అబ్బురపడి రాశాడు. 1310లో ఢిల్లీ సేనాని మలిక్ కాఫుర్ సైన్యం ముట్టడించినప్పుడు ఆ మట్టిగోడలో ఉక్కు ఈటె కూడా దిగలేదట. శత్రువు మెచ్చుకున్న గోడను మనవాళ్లకు ఒక్క నిమిషం దిగి చూపించకపోవడం ఏం న్యాయం?

రాతికోట ద్వారం దగ్గర తప్పనిసరిగా బస్సు దిగాలి. ఆ ద్వారం నేరుగా లోపలికి పోనివ్వదు. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా గోడ వస్తుంది, పక్కకు తిరగాలి, ఒక ఆవరణలోకి రావాలి, మళ్లీ తిరగాలి. పరుగున వచ్చే ఏనుగైనా గుర్రమైనా అక్కడ వేగం తగ్గించాల్సిందే. ఇప్పుడు అదే దారిలో ఆటోలు పోతుంటాయి, అదే మలుపులో హారన్ కొట్టి నెమ్మదిస్తాయి. పది నిమిషాలు అక్కడ నిలబడితే కోట ఎలా పనిచేసేదో పాఠం లేకుండానే అర్థమవుతుంది. సున్నం లేకుండా పేర్చిన నల్లరాతి దిమ్మెల మధ్య కీళ్లను చేత్తో తడిమి చూడొచ్చు. లోపలి వైపు గోడకు ఆనించి మట్టికట్ట, దాని పొడవునా మెట్లు. ఎక్కడ దాడి జరిగితే అక్కడికి, పక్క మెట్ల కోసం వెతుక్కోకుండా సైనికులు ఎక్కేయడానికి వీలుగా కట్టారు. పిల్లలు ఆ మెట్లెక్కి దిగితే చాలు, ఇంటికి వెళ్లాక కూడా మరచిపోరు.

ఇక నడిమధ్యలో నాలుగు తోరణాలు. స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నిలిపినవి, దాదాపు పది మీటర్ల ఎత్తు. తెలంగాణ రాజముద్రలో ఉన్నది ఈ తోరణమే. మన ఊళ్ల స్వాగత ద్వారాల్లో సిమెంటుతో పోసుకుంటున్నదీ దీని రూపమే. మధ్యలో ఉండాల్సిన గుడి లేదు. 1323లో ఢిల్లీ నుంచి వచ్చిన ఉలుగ్ ఖాన్ సైన్యం చేతిలో నగరం పడిపోయింది, గుడి పోయింది, ప్రతాపరుద్రుడు బందీగా ఢిల్లీ దారి పట్టాడు. ఆ ఆవరణలో పరిచి ఉంచిన దూలాలు, ద్వారబంధాలు, విరిగిన నందులే ఇప్పుడు మిగిలిన గుడి. చాలామంది వాటి మధ్యనుంచి తోరణం వైపు ఫోను పట్టుకుని నడిచిపోతారు. ఒక్క విరిగిన ద్వారబంధం దగ్గర వంగి చూడండి. వేలెడంత తీగల చెక్కడం, దాని మలుపుల్లో పూల మొగ్గలు, అద్దంలా నునుపు చేసిన రాయి. ఆ పని చేసిన చేతులు కోట లోపలే ఎక్కడో ఇళ్లకు పోయి ఉంటాయి.

దగ్గర్లోనే ఉన్న ఖుష్‌మహల్‌ను కాకతీయుల దర్బారని చెప్పేసేవాళ్లున్నారు. అది వారి తర్వాతి కాలపు కట్టడం. వాలుగా లేచే గోడలు, కమానులు చూస్తేనే తెలిసిపోతుంది. దాన్ని దాచాల్సిన పనిలేదు. రాజధానికి ఒకే రాజవంశపు చరిత్ర ఉండదు. ముసునూరి కాపయనాయకుడు ఓరుగల్లును తిరిగి గెలుచుకున్నాడు, తర్వాత ఎందరో ఏలారు, 16వ శతాబ్దం మొదట్లో షితాబ్ ఖాన్ అనిపించుకున్న సీతాపతి ఇక్కడ కొంతకాలం అధికారం నడిపాడు. ఓడిన రోజుతో కథ ఆపేస్తే జనం బతికిన ఏడు వందల ఏళ్లు కొట్టుకుపోతాయి.

గైడుల కథల్లో నాకు అభ్యంతరం ఉన్నవి రెండు. వేయిస్తంభాల గుడి నుంచి కోట దాకా సొరంగం ఒకటి, భద్రకాళి కంట్లో కోహినూరు ఒకటి. కోహినూరు కాకతీయులదేనని నిలబెట్టే ఆధారం లేదు. వినడానికి బాగుంటాయి కాబట్టి చెబుతారు. కానీ నిజమైన కథలు వీటికంటే బాగుంటాయి. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ఉంది. తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు కాజేసే కాలంలో, ఇకపై ఆ సరుకు వర్తకులదేనని, ముప్పైకి ఒక వంతు సుంకం మాత్రం తీసుకుంటానని మాటిచ్చాడు. ఓరుగల్లు సంపద ఎక్కణ్నుంచి వచ్చిందో ఆ ఒక్క శాసనంతో బోధపడుతుంది. వరంగల్‌లోనే దొరికిన ఇంకో శాసనం సంతలో అమ్మే సరుకుల మీద సుంకాలను చెబుతుంది. బియ్యం, గోధుమలు, చింతపండు, నువ్వులనూనె, ఉప్పు, మిరియాలు, పసుపు, అల్లం, ఉల్లి, రాగి, సీసం, గంధం, కస్తూరి, దంతం, పట్టు. ఆ పేర్లు పైకి చదువుతుంటే పెద్దావిడ అడిగిన జనం కళ్లముందు నడుస్తారు.

అందుకే నా ఉద్దేశంలో ఓరుగల్లు యాత్ర ఏనుమాముల మార్కెట్ చూడకుండా పూర్తి కాదు. మిర్చి సీజన్లో పొద్దున్నే వెళితే యార్డులో ఎర్రటి బస్తాలు కనుచూపు మేర పరిచి ఉంటాయి. జెండా పాట పాడే గొంతు, చేతిలో నాలుగు కాయలు విరిచి రంగూ ఎండూ చూసే ఖరీదుదారు, బస్తా మీద కూర్చుని ధర కోసం చెవులు రిక్కించిన రైతు. ఘాటుకు మనకు దగ్గు ఆగదు. నాటి శాసనంలో మిరపకాయ లేదు, అది మన దేశానికి వచ్చిందే ఆ తర్వాత. కానీ నలుదిక్కుల పంటా ఒకచోటికి చేరి ధర పలికే ఊరు మాత్రం ఇదే. ట్రిప్పులో దీనికి ఒక గంట కేటాయించడానికి ఏ కొత్త కట్టడమూ, ఏ నిధులూ అక్కర్లేదు.

కోటలో ఇప్పటికీ జనం ఉన్నారు. తూర్పుకోట, మధ్యకోట, పడమరకోట అన్నవి వాళ్ల చిరునామాలు. అక్కడ బర్రెలు కట్టేసి ఉంటాయి, వరి నాట్లు పడతాయి, పెళ్లి పందిళ్లు లేస్తాయి. రక్షిత కట్టడానికి నూరు మీటర్ల లోపు కొత్త నిర్మాణం కూడదని 2010లో సవరించిన చట్టం చెబుతోంది, ఆ పైన మరో రెండు వందల మీటర్ల దాకా అనుమతి తెచ్చుకోవాలి. చట్టం అవసరమైనదే. కానీ ఇంటిమీద ఇంకో గది వేసుకోలేని కుటుంబానికి ఆ కోట వల్ల దక్కుతున్నది ఏమిటి? బస్సులొస్తాయి, ముప్పావు గంటలో పోతాయి, కొబ్బరిబోండాలు నాలుగు అమ్ముడవుతాయి. కోట పిల్లల్లో డిగ్రీ చదివినవాళ్లను ఎంపిక చేసి, శాసనాలు చదివినవాళ్ల దగ్గర మూణ్నెల్లు శిక్షణ ఇప్పించి గైడులుగా నిలబెట్టాలి. తాతలు తవ్వుతుంటే బయటపడిన శిల్పం గురించి వాళ్లు చెప్పే తీరు అద్దెకు తెచ్చిన గైడుకు రాదు. మధ్యాహ్న భోజనం కూడా హైవే హోటల్లో కాకుండా ఆ ఇళ్లలోనే పెట్టించాలి. క్రీడాభిరామంలోని పూటకూళ్లింటికి అంతకంటే దగ్గరి రూపం ఇంకేముంటుంది?

గుంపు ఇరవై దాటకూడదు. దాటితే ఇద్దరు గైడులుండాలి. నల్లరాయి పదకొండు గంటలకే సెగ కక్కుతుంది కాబట్టి కోట పొద్దున్నే చూడాలి. నడవలేనివాళ్లను ద్వారం నుంచి లోపలికి కోటవాళ్ల ఆటోల్లో తిప్పొచ్చు. వేయిస్తంభాల గుడి సాయంత్రానికి ఉంచుకోవచ్చు. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడి ముందున్న కల్యాణమండపాన్ని విప్పి, ఏళ్ల తరబడి పనిచేసి, 2024లో మళ్లీ నిలబెట్టారు. ఆ పని జరిగిన తీరు చెప్పడమే ఒక చక్కటి పాఠం. రామప్ప మరునాటికి. ఒక రాత్రి వరంగల్‌లో ఉండడానికి అయ్యే ఖర్చు చాలా కుటుంబాలకు భారమే, నాకు తెలుసు. అలాంటప్పుడు రెండు ఊళ్లు రెండేళ్లలో చూడండి, ఒక్కరోజులో రెండూ పోగొట్టుకోవద్దు.

దసరా సెలవులకో, సంక్రాంతి తర్వాతో ఈ ట్రిప్పులకు మీలో చాలామంది పేర్లిస్తారు. సీటు ఖాయం చేసుకునే ముందు ఏసీ ఉందా, భోజనం ఏమిటి అని ఎలాగూ అడుగుతారు. వాటితోపాటు కోటలో ఎన్ని గంటలు ఉంటామో కూడా అడగండి. నాలుగు గంటల కంటే తక్కువ చెబితే ఇంకో బస్సు చూసుకోండి.