ఏజెన్సీ 108లో మన భాష వచ్చిన మనిషి ఉండాలి



బైపీసీ అయ్యాక ఏం చదవాలి అంటే మన హాస్టళ్లలో వినిపించేవి రెండే. నీట్, లేకపోతే నర్సింగ్. ఈఎంటీ అనే చదువు ఒకటుందని చాలామందికి తెలియదు.

108 బండి నడిపేది పైలట్. వెనకాల పేషెంటు పక్కన ఉండేది ఈఎంటీ. నాడి, బీపీ చూడటం, ఆక్సిజన్ పెట్టడం, రక్తం ఆపడం, గుండె ఆగితే నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కడం, దారిలో కాన్పయితే బిడ్డను అందుకోవడం, ఇవన్నీ నేర్పిస్తారు. కష్టమైన కేసుకు ఫోన్‌లో డాక్టరు సలహా ఇస్తారు.

మరి ఘాట్ రోడ్డులో సిగ్నల్ పోతే? అప్పుడు డాక్టరైనా నర్సైనా ఆ ఒక్క మనిషే. కువి, కోయ, సవర, గోండి తప్ప తెలుగు సరిగా రాని అమ్మమ్మలు మన గూడేల్లో ఇంకా ఉన్నారు. నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి, ఉమ్మనీరు పోయిందా, పాము కరిచి ఎంతసేపయింది, ఏం మందు మింగారు. వీటికి జవాబు అర్థం కాకపోతే ఎంత ట్రైనింగ్ ఉన్నా సగమే పనికొస్తుంది. పాము కాటుకు కోయొద్దు, గట్టిగా కట్టొద్దు, కదలనివ్వకుండా ఆసుపత్రికి తేవాలి. ఈ మాట బయటివాళ్లు చెప్తే మన పెద్దలు అనుమానపడతారు. మన పిల్లే మన మాటలో చెప్తే వింటారు.

లోకల్ వాళ్లకే ఇవ్వమంటే కోర్టులో నిలబడదు అని కొందరు అన్నలు అంటున్నారు. ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి 3వ నంబరు జీవోను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది, నిజమే. కానీ మేం అడిగేది వందకు వంద రిజర్వేషన్ కాదు. ఏజెన్సీ బండిలో పనిచేసేవాళ్లకు అక్కడి భాష రావాలనే అర్హత పెట్టమంటున్నాం. ఇది ఉద్యోగం కోసం కంటే పేషెంటు కోసం అడిగే మాట.

అలాగని ఇది సుఖమైన పని అని చెప్పం. రాత్రి డ్యూటీలు, కాంట్రాక్టు ఉద్యోగం. సేవ అని పొగిడి మన పిల్లల్ని తక్కువ జీతానికి పంపడం న్యాయం కాదు. అందుకే ఐటీడీఏలను మనం కలిసి అడగాలి: ఈ కోర్సు ఫీజు, వసతి భరించాలి, చదివినవాళ్లకు సరైన జీతం ఇప్పించాలి.

2021లో పార్లమెంటు చేసిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టంలో ఈ వృత్తికి చోటుంది. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, చేరే ముందు కాలేజీకి గుర్తింపు ఉందా, ఆసుపత్రిలో ప్రాక్టీసు చేయిస్తారా అని తప్పకుండా కనుక్కోండి.

డోలీ మోసి రోడ్డు దాకా తెచ్చేది మనవాళ్లే. రోడ్డు మీద బండిలోకి ఎక్కించుకునేవాళ్లలో కూడా మనవాళ్లు ఉండాలి.