కోడికి కత్తి కడతారు, కుర్రాడికి గార్డు కట్టరా?

ధవళేశ్వరం: దాళ్వా కోతలు ముగిసి, కాలువలు కట్టేసి, బడులకు సెలవులిచ్చేసరికి యీ ప్రాంతంలో ఖాళీ చేలన్నీ క్రికెట్ మైదానాలవుతాయి. గోదావరిలో నీరు తగ్గి ఇసుక తిన్నెలు తేలినచోట చెడుగుడు కూతలు వినిపిస్తాయి. ఇక సంక్రాంతి మూడు రోజులూ సరేసరి. వూరూరా పోటీలు, కప్పులు, మైకు సెట్లు. కుర్రాళ్లు పేకముక్కలు వదిలి ఆటలో పడటం సంతోషించదగ్గ విషయమే. అయితే యీ ఆటల్లో వారి ఒంటికి తగిలే దెబ్బల సంగతి మాత్రం పెద్దలెవరికీ పట్టకపోవడం శోచనీయం.

కార్కు బంతి మోకాటి చిప్పకు తగిలి కుర్రాడు కూలబడితే నలుగురు మూగుతారు. మొహాన చన్నీళ్లు చల్లుతారు. ఒకరు కాలు పట్టి లాగుతారు, ఒకరు నిమ్మసోడా పట్టిస్తారు. "ఏం లేదురా, లెగు" అని భుజం తడతారు. కుర్రాడు కుంటుకుంటూ మళ్లీ బ్యాటు పట్టుకుంటే చప్పట్లు కొడతారు. దెబ్బ ఎంత లోతున తగిలిందో ఆ రాత్రి వాడికి, వాడి తల్లికి తెలుస్తుంది. ఇలాంటి దృశ్యం చూడని వూరు డెల్టాలో వుండదనడం అతిశయోక్తి కాదు.

ఒక కాలికి ఒక ప్యాడు

వూరి జట్ల దగ్గర వుండే సామాను సంగతి అందరికీ తెలిసిందే. జట్టంతటికీ రెండే ప్యాడ్లు. బ్యాటింగు చేసే ఇద్దరూ చెరొకటి ముందుకాలికి కట్టుకుంటారు. రెండో కాలు దేవుడి మీద భారం. చేతి తొడుగులుంటే వేళ్లు చిరిగి వుంటాయి. హెల్మెట్ సాధారణంగా వుండదు. పొత్తికడుపు కింద పెట్టుకునే గార్డు సంగతి ఎత్తితే నవ్వులాటే.

తోలు బంతి కొనలేక కార్కు బంతితో ఆడే జట్లే ఎక్కువ. ఆ కార్కు బంతీ రాయిలాగే వుంటుంది. పెద్ద మ్యాచ్‌లు ఆడేవారికి రోలరుతో తొక్కించిన చదునైన పిచ్ వుంటుంది. మన కుర్రాళ్లు ఆడేది వరి మోళ్లు, బీటలు మిగిలిన చేలో. అక్కడ పడిన బంతి ఎటు లేస్తుందో వేసినవాడికే తెలియదు. మోకాలి ఎత్తున రావలసింది గడ్డం దగ్గరికి వస్తుంది. చదును నేల మీద ఆడేవారు తల నుంచి కాలి వరకూ కట్టుదిట్టం చేసుకుని దిగుతుంటే, బీటల నేల మీద ఆడేవారు లుంగీ ఎగ్గట్టి దిగుతున్నారు. రక్షణ ఎవరికి ఎక్కువ కావాలో వేరే చెప్పనవసరం లేదు.

ధైర్యం వేరు, మొండితనం వేరు

గార్డులు, హెల్మెట్లు పిరికివాళ్లకేనన్న మాట మన వూళ్లలో బలంగా వుంది. దానికి పాత వీరుల కథలు ఆసరా. భారత జట్టుకు తొలి టెస్టు కెప్టెన్ మన తెలుగు కుటుంబానికి చెందిన సి.కె. నాయుడు. 1932 జూన్‌లో లండన్‌లోని లార్డ్స్ మైదానంలో ఫీల్డింగ్ చేస్తూ చేతికి దెబ్బ తగిలినా బ్యాటింగుకు వచ్చి తొలి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేశారు. ఆ తరువాత వయసు యాభై దాటాక కూడా బంతి మూతికి తగిలి పళ్లు వూడినా ఆట ఆపలేదని క్రికెట్ తెలిసినవారు నేటికీ చెప్పుకుంటారు. ఆయన ధైర్యానికి చేతులెత్తి మొక్కవలసిందే. కాని ఆ రోజుల్లో తలకు పెట్టుకునే హెల్మెట్ క్రికెట్‌లో వాడుకలో లేదు. లేనిది పెట్టుకోకపోవడం వేరు, వుండీ పెట్టుకోకపోవడం వేరు.

1962లో వెస్టిండీస్ పర్యటనలో భారత కెప్టెన్ నారీ కంట్రాక్టర్ తలకు గ్రిఫిత్ వేసిన బంతి తగిలి పుర్రె చిట్లింది. ఆపరేషన్లు చేసి ప్రాణం నిలిపారు. వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వారెల్ ఆయనకు రక్తమిచ్చారు. కంట్రాక్టర్ కోలుకుని తిరిగి బ్యాటు పట్టినా, మళ్లీ టెస్టు ఆడలేదు. 1978లో ఆస్ట్రేలియా ఆటగాడు గ్రాహం యాలప్ టెస్టు మ్యాచ్‌లో మొదటిసారిగా హెల్మెట్ పెట్టుకుని దిగితే చూసేవారు ఎగతాళి చేశారు. ఇప్పుడు అది లేకుండా వేగం బౌలరు ముందు నిలబడేవారు పెద్ద ఆటల్లో కనిపించరు. నవ్వినవారే నేర్చుకున్నారన్నమాట.

1998 ఫిబ్రవరిలో ఢాకాలో జరిగినది ప్రతి జట్టూ గుర్తుంచుకోవలసిన సంగతి. భారత మాజీ టెస్టు ఆటగాడు రమణ్ లాంబా అక్కడి క్లబ్ మ్యాచ్‌లో బ్యాటుకు అతి దగ్గరగా ఫీల్డింగ్‌కు నిలబడ్డారు. హెల్మెట్ తెప్పించుకోమని తోటివారు చెబితే, ఓవరులో ఇక మూడు బంతులే వున్నాయి కదా అని వద్దన్నారని అప్పట్లో వార్తలు వచ్చాయి. కొట్టిన బంతి తలకు తగిలింది. మూడు రోజుల తరువాత, ఫిబ్రవరి 23న ఆయన కన్నుమూశారు. అప్పటికి వయసు 38 ఏళ్లు. "మూడు బంతులేగా" అన్నది, మన వూళ్లో "వూరి మ్యాచేగా" అన్నది ఒకే మాట.

గట్టు పిరికితనమా?

నిజానికి జాగ్రత్త మన జిల్లావారికి కొత్త కాదు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి యీ ప్రాంతం గోదావరి పక్కనే బతుకుతున్నది. ఏటి గట్లను నమ్ముకునే పంట పండిస్తున్నది. 1986 వరదల తరువాత గట్లు ఎత్తు చేయాలని అడగని వూరు లేదు. గట్టు అడిగినవాడిని ఎవరైనా పిరికివాడన్నారా? గీత కార్మికుడు మోకు లేకుండా తాడిచెట్టు ఎక్కడు. రోడ్డు మీద బండి తోలే రైతు ఎద్దు గిట్టకు లాడం కొట్టించకుండా తోలడు. పండగనాడు చట్టం వద్దన్నా వినకుండా కోడి కాలికి మాత్రం శ్రద్ధగా కత్తి కడతారు. ఆ శ్రద్ధలో పావువంతు కన్నకొడుకు కాలికి ప్యాడు కట్టడంలో చూపకపోవడం ఏం న్యాయం?

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పాపికొండలకు వెళ్తున్న లాంచీ మునిగిన దుర్ఘటన యీ ప్రాంతం మరువలేనిది. బయటపడినవారిలో పలువురు లైఫ్ జాకెట్లు వేసుకున్నవారేనని, ఉక్కగా వుందని కొందరు వాటిని తీసివేశారని ఆనాడు పత్రికల్లో వచ్చింది. రక్షణ సామాను పక్కన వుంటే చాలదు, ఒంటి మీద వుండాలన్న పాఠం అంత ఖరీదు పెట్టి నేర్చుకున్నవారం.

సామాను చేసే పని

ప్యాడు, గార్డు, హెల్మెట్ దెబ్బను మాయం చేయవు. ఒకేచోట పడే దెబ్బను వెడల్పు చేస్తాయి, ఒక్క క్షణంలో పడేదాన్ని కాస్త నెమ్మది చేస్తాయి. ధాన్యం బస్తా మీద కొట్టినదానికీ, బండరాయి మీద కొట్టినదానికీ తేడా అదే. కాలి ముందెముక మీద కండ వుండదు, చర్మమే వుంటుంది. కనుక అక్కడ ప్యాడు కండలాగా పనిచేస్తుంది. పొత్తికడుపు గార్డు గట్టి డొప్ప. దాని అంచులు ఎముకల మీద ఆనుతాయి గనుక మెత్తని భాగానికి దెబ్బ చేరదు. హెల్మెట్ పైడొప్ప దెబ్బను పరుస్తుంది, లోపలి మెత్త నలిగి దాన్ని మింగుతుంది. అందుకే గట్టి దెబ్బ తిన్న హెల్మెట్, పైకి బాగానే కనిపించినా, మళ్లీ వాడకూడదు. ముఖం ముందు కమ్మీల మధ్య సందు బంతికంటే చిన్నదిగా వుండాలి. మోటారు సైకిలు హెల్మెట్‌తో బ్యాటింగు చేయడం సరికాదు. అది రోడ్డు మీద పడేవారి కోసం చేసినది.

చెడుగుడుకు లెక్క వేరు. మోకాలి తొడుగు వుంటే చర్మం దోక్కుపోదు, మోకాటి చిప్ప నేలకు కొట్టుకోదు. కాలు మెలిపడి లోపలి నరం తెగితే మాత్రం ఆ తొడుగు ఆపలేదు. అక్కడ అసలు రక్షణ నేలే. గులకరాళ్లు, గాజు పెంకులు, ఆల్చిప్పలు ఏరి, మన్ను గుల్ల చేసి, నీళ్లు చల్లిన బరిలోనే ఆడించాలి. బడుల్లో ఆడపిల్లలు కూడా చెడుగుడు బాగా ఆడుతున్నారు. వారికీ మోకాలి తొడుగులు ఇవ్వాలి.

సామాను వుంటే ఇక భయం లేదనుకోవడమూ పొరపాటే. 2014 నవంబరులో సిడ్నీలో ఫిలిప్ హ్యూస్ అనే పాతికేళ్ల ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ హెల్మెట్ పెట్టుకునే వున్నాడు. బంతి దాని కిందుగా మెడకు తగిలింది. రెండు రోజులకు ప్రాణం పోయింది. ఆ తరువాతే మెడకు అడ్డుగా వుండే తొడుగులు వచ్చాయి. పుర్రె పగలకుండా హెల్మెట్ కాపాడుతుందిగాని, లోపల మెదడు కుదుపుకు లోనవడాన్ని పూర్తిగా ఆపలేదు. కుండ పగలకపోయినా లోపలి పెరుగు చెదిరినట్లే. అందుకే 2019 ఆగస్టు నుంచి టెస్టు మ్యాచ్‌లలో తల అదిరిన ఆటగాడిని బయటికి పంపి మరొకరిని ఆడించే నియమం తెచ్చారు. లార్డ్స్‌లో స్టీవ్ స్మిత్ బదులు లబుషేన్‌ను అలాగే దింపారు. అంత పెద్ద ఆటగాడినే కూర్చోబెడితే, మన వూరి కుర్రాడిని సోడా పట్టించి మళ్లీ దింపడమేమిటి? తలకు దెబ్బ తగిలినవాడు ఆ రోజు మళ్లీ ఆడకూడదు. వాంతి, మగత, మాట తడబాటు, తగ్గని తలనొప్పి కనిపిస్తే 108కి ఫోను చేసి ఆస్పత్రికి చేర్చాలి.

సిగ్గు కంటే ప్రాణం మిన్న

ఇంట్లో మాట్లాడుకోని దెబ్బ ఒకటుంది. గజ్జల్లో బంతి తగిలిన కుర్రాళ్లు సిగ్గుతో తండ్రికి కూడా చెప్పరు. వాపు వచ్చినా గుట్టుగా వుంటారు. నొప్పి గంటలోపల తగ్గకపోయినా, వాపు పెరుగుతున్నా ఇది రేపటికి ఆగే సంగతి కాదు. కొన్ని గంటల్లో ఆపరేషన్ చేయకపోతే ఆ భాగమే పోయే ప్రమాదం వుందని వైద్యులు చెబుతారు. తండ్రులు, అన్నలు, వ్యాయామ ఉపాధ్యాయులు యీ మాట కుర్రాళ్లకు ముందే చెప్పి వుంచాలి. ఆ ఒక్క గార్డు మాత్రం ఎవరిది వారికే వుండాలి. పదిమంది మార్చుకునే వస్తువు కాదది.

దెబ్బకు పన్ను వూడితే పారేయకూడదు. వేరు ముట్టుకోకుండా పట్టుకుని, పాలలో వేసి, గంటలోపల దంత వైద్యుని వద్దకు వెళితే తిరిగి నిలిచే అవకాశముంది. యీ సంగతి తెలియక కుర్రాళ్లు పళ్లు పోగొట్టుకుంటున్నారు.

కప్పు కాస్త పొట్టిదైతేనేం?

డబ్బు ఎక్కడిదని అడగవచ్చు. కూలికి వెళ్లే ఇంటి కుర్రాడు హెల్మెట్ కొనలేడన్నది నిజమే. కాని పోటీలు పెట్టేవారి దగ్గర షామియానాకు, మైకుకు, ఫ్లెక్సీలకు, నిలువెత్తు కప్పులకు డబ్బు వుంటున్నది. దాతలు తమ పేరు కనిపించే చోట ఇస్తున్నారు. అయితే ఆ పేరు హెల్మెట్ మీదే వేయించండి. కప్పు ఎవరి ఇంటి అటక మీదకో చేరి బూజు పడుతుంది. హెల్మెట్ ప్రతి ఆదివారం పదిమంది కళ్ల ముందు వుంటుంది.

కార్కు బంతితోగాని, తోలు బంతితోగాని పోటీ పెట్టే ఏ యువజన సంఘమైనా రెండు హెల్మెట్లు, రెండు జతల ప్యాడ్లు, చేతి తొడుగులు, ఒక మందుల పెట్టె సిద్ధం చేశాకే టాసు వేయాలి. గార్డు పెట్టుకోనివాడిని బ్యాటింగుకు రానివ్వకూడదు. హెల్మెట్ లేకుండా బ్యాటు దగ్గర ఫీల్డరును నిలబెట్టకూడదు. అవి కొనే స్తోమతు లేని జట్టు టెన్నిస్ బంతితో ఆడటం నామోషీ కాదు. చిన్నపిల్లలకు అసలు అదే తగినది. బడుల్లో ఆట సామాను కొనేటప్పుడు పిల్లల కొలతకు తగినవి కొనాలి. తొడ దాటే ప్యాడు కట్టుకున్న పిల్లవాడు పరుగెత్తలేక పడిపోతాడు. స్థానిక పాలకులు, పెద్దలు పోటీలకు అనుమతి ఇచ్చేటప్పుడు యీ సామాను చూపమని అడిగితే చాలు, సగం మార్పు వస్తుంది.

ఆట ఆడవద్దని పిల్లలను ఇంట్లో కట్టేసే రోజులు కావివి, కాకూడదు కూడా. ఆడాలి, దెబ్బలాటల్లేకుండా ఆడాలి, సాయంత్రానికి తమ కాళ్ల మీద తాము నడిచి ఇంటికి చేరాలి. కొడుకు కప్పు తెచ్చాడా అని తండ్రి అడగవచ్చు. తల్లి మాత్రం ముందు వాడి ఒళ్లు తడిమి చూస్తుంది. రాబోయే సంక్రాంతికి చందాల పుస్తకం పట్టుకుని బయలుదేరే యువకులు, మొదటి పద్దు కింద రెండు హెల్మెట్లు రాసుకోవలసి వుంది.