వీధి తోటను పెంచేముందు

వేముల నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. వారి వీధిలో పన్నెండు ఇళ్ళవారు కలిసి 2 సెంట్ల ఖాళీ జాగాలో తోటకూర, గోంగూర, వంగ వేసుకున్నారట. దాన్నిప్పుడు 5 సెంట్లకు పెంచాలని వారి ఉద్దేశం. నీళ్ళు చాలవు గనుక పక్కనున్న మురుగు కాలవను మళ్ళించవచ్చునా అని మొదటి ప్రశ్న. గనుల లారీలు తిరిగే దారి పక్కన పెరిగిన ఆకు తినవచ్చునా అని రెండోది. చివర, మాటవరసకు అన్నట్టు, "కోడలికి ఆరో నెల. రోజూ ఆకుకూర తింటోంది గదా అని ఐరన్ మాత్రలు మానిపించాం" అని ఒక ముక్క చేర్చారు. ముందు ఆ ముక్కకే జవాబు చెప్పాలి.

అమ్మా, ఆ మాత్రలు ఇవాళే మళ్ళీ మొదలుపెట్టించండి. ఆకుకూరలో ఇనుము ఉన్న మాట నిజమే. కాని అందులో మన పేగులు పీల్చుకునేది చాలా కొద్ది. గర్భిణికి కావలసినంత ఇనుము ఆకుకూరతోనే అందాలంటే ఆమె రోజంతా నములుతూ కూర్చోవాలి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. వాళ్ళందరూ ఆకుకూర తినని వాళ్ళే అనుకోవడానికి లేదు. గర్భిణికి రక్తంలో హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత కిందే లెక్క. ఒకసారి రక్తపరీక్ష చేయించండి. మాత్ర ఒకటా రెండా అన్నది దాన్ని చూసి డాక్టరు చెబుతారు. మలం నల్లగా వస్తే భయపడవద్దు. టీకి, మాత్రకు మధ్య గంటకు పైగా వ్యవధి ఉండాలి. కాల్షియం మాత్రను వేరే పూట ఇవ్వండి. ఆకుకూర మాత్రకు తోడే గాని బదులు కాదు. దింపిన తరవాత కాస్త నిమ్మరసం పిండితే అందులోని ఇనుము మరికొంత ఒంటబడుతుంది. చెనక్కాయ నూనెతో తాలింపు పెడితే విటమిన్ ఏ ఇచ్చే పదార్థం కూడా బాగా అందుతుంది. సంగటిలోకి తోటకూర పప్పు అనే మీ అలవాటు మంచిదే.

ఇక తోట సంగతి. పెంచండి, కాని లెక్క వేసుకుని పెంచండి. పన్నెండు ఇళ్ళలో యాభైమంది ఉన్నారనుకుందాం. మనిషికి రోజుకు 100 గ్రాముల ఆకుకూర అంటే 5 కిలోలు, నెలకు 150 కిలోలు. బాగా చూసుకుంటే చదరపు మీటరుకు కోతకు కిలో తోటకూర రావచ్చు, అదీ విత్తిన నెలరోజులకు. అంటే 150 చదరపు మీటర్లు కావాలి. సెంటుకు 40 మీటర్ల చొప్పున నాలుగు సెంట్లకు లోపే. ఐదో సెంటు దారులకు, బీర, కాకర పందిళ్ళకు సరిపోతుంది. మళ్ళన్నీ ఒకేరోజు విత్తితే పదిరోజులు తినలేక పారేస్తారు, తరవాత ఇరవైరోజులు బజారుకు పోతారు. వారానికొక మడి చొప్పున విత్తండి.

ఎండాకాలంలో చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్ల నీళ్ళు పడతాయి. ఆకుమళ్ళకే 750 లీటర్లు, అంటే యాభై బిందెలు. పులివెందుల వైపు నీటి ఎద్దడి తెలిసిందే. మురుగు కాలవ మీద కన్నుపడటం అక్కడే మొదలవుతుంది. ఆ పని మాత్రం చేయకండి. మురుగులో ఏలికపాముల గుడ్లు, కొంకిపురుగు పిల్లలు, బద్దెపురుగు గుడ్లు వస్తాయి. ఏలికపాము గుడ్లు మట్టిలో ఏళ్ళ తరబడి చావవు. కొంకిపురుగు చెప్పుల్లేని పాదం గుండా ఒంట్లోకి దూరి రక్తం తాగుతుంది. అప్పుడు రక్తహీనతకు మందని వేసుకున్న తోటే రక్తహీనత తెచ్చిపెడుతుంది! పంది బద్దెపురుగు గుడ్లు పచ్చి కొత్తిమీరతో కడుపులోకి పోతే దాని పిల్లలు మెదడుకు చేరి మూర్ఛలు తెప్పించగలవు. బియ్యం, పప్పు, కూరలు కడిగిన నీళ్ళు పన్నెండు ఇళ్ళవీ ఒక తొట్టిలో పోగుచేసి ఆకుమళ్ళకు పోయండి. స్నానాల నీళ్ళు అరటికి, మునగకు వాటి మొదళ్ళలో పోయవచ్చు. అయినా నీళ్ళు చాలకపోతే ఎండాకాలం రెండు సెంట్లతోనే సరిపెట్టుకోండి. తొట్టికి మాత్రం గుడ్డ కట్టండి, లేకుంటే డెంగీ దోమలు దిగుతాయి. పచ్చిపేడ ఆకు మీద చల్లకూడదు. బాగా మాగిన ఎరువే వాడండి. జీవామృతం మట్టిలోనే పోయండి.

దుమ్ము విషయంలో రెండు రకాల భయాలున్నాయి. వాటిని వేరుచేసి చూడాలి. మీ ప్రాంతపు ముగ్గురాయి కడుపుకు పెద్ద ప్రమాదం కాదు. అది నీటిలో కరగదు. శుద్ధి చేసిన ఆ పదార్థాన్నే ఎక్స్‌రే తీసేముందు రోగిచేత తాగిస్తారు. దుమ్ము చెడుపు చేసేది ఊపిరితిత్తులకు. అందుచేత మడి దారికి వీలైనంత దూరంగా ఉండాలి. మధ్య దడి కట్టి, ఆకును మూడు నీళ్ళలో కడగాలి. పాత రాతినార రేకుల ముక్కలు మళ్ళకు గట్లుగా పాతడం నేను చూశాను. అవి పగిలినకొద్దీ సన్నని నార గాలిలో కలుస్తుంది. వాటిని వాడవద్దు.

నీళ్ళలో కరిగి వచ్చేదానికి కడుగుడు పనికిరాదు. మీ మండలంలోని తుమ్మలపల్లె యురేనియం శుద్ధి కర్మాగారం 2012లో మొదలైంది. దాని వ్యర్థాల చెరువు దగ్గరి రైతులు బోరు నీళ్ళు, అరటి తోటలు చెడిపోయాయని ఫిర్యాదు చేశారు. మీ వీధి ఆ చెరువుకు ఎంత దూరమో మీరు రాయలేదు. బోరు నీరు వాడేటట్టయితే తాగునీటి శాఖవారి ప్రయోగశాలలో ముందు పరీక్ష చేయించండి. ఫ్లోరైడు, యురేనియం రెండింటికీ చేయమని అడగండి. మరిగిస్తే ఇవి పోవు సరిగదా, నీరు ఇగిరినకొద్దీ చిక్కబడతాయి.

మూత్రపిండాల జబ్బున్నవారు, వాటిలో రాళ్ళున్నవారు, రక్తం గడ్డకట్టకుండా మందు వాడేవారు మీ పన్నెండు ఇళ్ళలో ఎవరైనా ఉంటే, ఎంత ఆకుకూర తినాలో తమ డాక్టరును అడిగి తినమనండి. పిల్లలు మట్టిలో తిరుగుతారు గనుక బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర తప్పనివ్వకండి. పరీక్ష ఫలితం వచ్చాక, కోడలి హిమోగ్లోబిన్ ఎంతో కూడా కలిపి, మళ్ళీ ఉత్తరం రాయండి.