తీగ దాటిన మాట

మనిషి మాటకు మొదటి అవరోధం దూరం. 1876లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోనును రూపొందించడంతో ఆ అవరోధానికి తొలి గండి పడింది. అయినా చాలాకాలం ఆ సౌకర్యం సామాన్యునికి అందని పండుగానే ఉండిపోయింది. మా చిన్నతనంలో దూరపు ఊరితో మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి గంటల తరబడి కాచుకోవలసి వచ్చేది. విదేశాలకు కాల్ అంటే గడియారం చూస్తూ మాటలను పొదుపుగా వాడుకోవడమే. నేడు మాట్లాడే ప్రతి నిమిషానికీ వేరే రుసుము లేకుండానే ఖండాంతరాలలోని ఆత్మీయులతో సంభాషించగలుగుతున్నాం. ఈ మార్పునకు మూలం అంతర్జాల టెలిఫోనీ.

పాత పద్ధతిలో ఇద్దరు మాట్లాడుకుంటున్నంతసేపూ వారి మధ్య ఒక మార్గం పూర్తిగా వారికే కేటాయించబడి ఉండేది. వారు మౌనంగా ఉన్నా ఆ దారి వారిదే. అంతర్జాలంలో అలాంటి కేటాయింపు లేదు. సాధారణ టెలిఫోను నాణ్యత కోసం ధ్వనిని సెకనుకు 8,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తారు. ఆ అంకెలను సుమారు 20 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున ప్యాకెట్లుగా కట్టి పంపుతారు. ఒక్క సెకను మాట దాదాపు 50 ప్యాకెట్లుగా విడిపోయి, అసంఖ్యాకమైన ఇతర ప్యాకెట్లతో కలిసి ఒకే రహదారిపై సాగుతుంది.

తాడు తెగి చెదిరిన తాళపత్ర గ్రంథాన్ని ఒకసారి ఊహించుకోండి. ఆకు అంచున వేసిన సంఖ్యను బట్టి ఆకులను తిరిగి వరుసలో పేర్చుకుంటాం. ప్యాకెట్టుకు కూడా అటువంటి వరుస సంఖ్య ఉంటుంది. కొన్ని ఆకులు నశిస్తే ఆ లోపాన్ని గ్రంథపాతం అంటాం. గ్రంథ పరిష్కర్త మరొక ప్రతి దొరికేదాకా ఏళ్ల తరబడి వేచి ఉండగలడు. సంభాషణకు ఆ వెసులుబాటు లేదు. పోయిన ప్యాకెట్టును మళ్ళీ పంపమని అడిగేలోగా మాట ముందుకు సాగిపోతుంది. అందుకే పోయినదానిని పోయినట్లే వదిలి, ఆ ఖాళీని ఇరుగుపొరుగు ధ్వనులతో పూడ్చే ఉపాయాన్ని ఇంజనీర్లు అనుసరించారు.

ఆలస్యం ఇంతకంటే సూక్ష్మమైన సమస్య. ఒకవైపు ప్రయాణానికి 150 మిల్లీసెకన్లు మించకపోతే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘం సూచించింది. గాజు తంతువులో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. ఆ లెక్కన 16,000 కిలోమీటర్ల కేబుల్ దాటడానికే 80 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. మాటను అంకెలుగా మార్చడం, కూడళ్ళలో వేచి ఉండడం వంటివన్నీ మిగిలిన 70లోనే జరగాలి. పైగా ప్యాకెట్లు సమాన వ్యవధిలో చేరవు. ఈ హెచ్చుతగ్గులనే 'జిట్టర్' అంటారు. వాటిని సరిచేయడానికి ప్యాకెట్లను కొద్దిసేపు నిలిపి ఉంచితే ఆలస్యం పెరుగుతుంది; నిలపకపోతే మాట తునకలవుతుంది.

ఇవి కేవలం యంత్రాల లెక్కలు కావని మా ఇంట్లోనే నాకు తెలిసివచ్చింది. అమ్మ ప్రశ్న అమెరికాలోని మా తమ్ముడికి చేరి, వాడి జవాబు తిరిగి రావడానికి కొన్నాళ్ళపాటు సెకనుకు పైగా పట్టేది. ఆ నిశ్శబ్దాన్ని ఆమె విముఖతగా భావించేది. అడిగినదే మళ్ళీ అడిగేది. సరిగ్గా అప్పుడే వాడి జవాబు వచ్చి, రెండు మాటలూ కలగాపులగమై ఏదీ అర్థమయ్యేది కాదు. "వాడు ముభావంగా ఉన్నాడురా" అని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. లోపం వాడిది కాదని నచ్చజెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. విరామం కూడా మాటలో భాగమే. దానిని యంత్రం మారిస్తే భావమే మారిపోతుంది.

అయినా చౌకదనం ఈ లోపాలను మరిపించింది. 1995లో ఇజ్రాయెల్‌కు చెందిన వోకల్‌టెక్ సంస్థ కంప్యూటర్ల మధ్య మాట్లాడుకునే సాఫ్ట్‌వేర్‌ను విపణిలోకి తెచ్చింది. మన దేశంలో 2002 ఏప్రిల్ 1 నుంచి పరిమితులతో కూడిన అనుమతి లభించింది. 2003లో స్కైప్ వచ్చింది. 2015లో వాట్సాప్‌లో కాల్స్ మొదలయ్యాయి. 2016లో జియో రాకతో సెల్‌ఫోను కాల్ సైతం ప్యాకెట్ల రూపంలో సాగడం మన దేశంలో విస్తృతమైంది. అయితే 4జీ నెట్‌వర్కు తన సొంత కాల్స్‌కు ప్రత్యేక ప్రాధాన్యం ఇస్తుంది. యాప్ ద్వారా వెళ్ళే మాటకు సాధారణంగా ఆ హామీ ఉండదు.

నా అభిప్రాయంలో నేటి అసలు సవాలు సాంకేతికమైనది కాదు, బాధ్యతకు సంబంధించినది. ఏ సంస్థ టెలిఫోను నుంచైనా మరే సంస్థ టెలిఫోనుకైనా మాట్లాడగలగడం పాత వ్యవస్థలోని గొప్పతనం. నేడు ఒక యాప్‌లోని వ్యక్తి మరో యాప్‌లోని వ్యక్తిని నేరుగా పిలవడం సాధారణంగా కుదరదు. సేవను నడపాలా, మూయాలా అన్నది యజమాని నిర్ణయం. 2025 మే నెలలో స్కైప్ మూతపడడమే ఇందుకు నిదర్శనం. పెద్ద సందేశ సేవలు ఇతర సేవలకు దారి ఇవ్వాలని, కాల్స్‌ను కూడా దశలవారీగా అందులో చేర్చాలని 2022 నాటి యూరప్ డిజిటల్ మార్కెట్ల చట్టం నిర్దేశించింది. మనకూ అటువంటి నియమం అవసరం.

ఆపద వేళ సంగతి మరీ ముఖ్యమైనది. పాత టెలిఫోనుకు ఎక్స్ఛేంజీ నుంచే విద్యుత్తు అందేది. ఇంట్లో కరెంటు పోతే ఇంటర్నెట్ పెట్టె మూగబోతుంది. మనం రోజూ వాడే కాలింగ్ యాప్‌ల నుంచి 112కు ఫోన్ చేసే సౌకర్యమూ ఉండదు. సాధారణ టెలిఫోన్లతో అనుసంధానమైన అంతర్జాల సేవలు అత్యవసర కాల్స్‌ను అందించి తీరాలని అమెరికా నియంత్రణ సంస్థ 2005లోనే ఆదేశించింది.

ఇలాంటి నిబంధనలు పెడితే ధరలు పెరిగి పేదలకు నష్టం కలుగుతుందని కొందరంటారు. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. అనుమతుల పేరిట ప్రభుత్వాలు ఈ సేవలను పూర్తిగా అడ్డగిస్తే నష్టపోయేది పేదలే. సౌదీ అరేబియాలో ఈ కాల్స్‌పై ఉన్న నిషేధాన్ని 2017లో సడలించినప్పుడు, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి వెళ్ళిన వలస కార్మికుల కుటుంబాలకు కూడా ఊరట లభించింది. కాబట్టి కావలసింది నిషేధం కాదు, పరిమాణానికి తగిన బాధ్యత. కోట్లమంది మాటను మోసే సంస్థకు చిన్న సంస్థకంటే ఎక్కువ బాధ్యత ఉండడం న్యాయం.

రేపటి ఇంజనీర్లు, అధికారులు మీలో నుంచే వస్తారు. మాటను చౌకగా చేరవేయడం మీ ముందుతరం సాధించింది. అడిగిన తల్లికి బిడ్డ జవాబు తెగకుండా వినిపించేలా, ఆపదలో పిలిచిన వారికి సాయం అందేలా చేయవలసిన పని మీ కోసం మిగిలి ఉంది.